గాలిమోటరులో అటక

"గంత పెద్ద గాలిమోటరు గీసుడు వస్తది గని, రొట్టె గుండ్రంగ కొట్టుడు రాదానె నీకు?"

మహాదేవమ్మ ఈ మాట అనేటప్పటికి నీలాంబిక పొయ్యి ముందు చెమటలు కార్చుకుంటూ జొన్నరొట్టెతో కుస్తీ పడుతున్నది. రొట్టె ఒక పక్క పలచబడి, ఇంకో పక్క మందమై, ఏ దేశపు మ్యాపో తెలియకుండా తయారయింది. అత్త మాటలో విషమేమీ లేదు. ఆమెకు ప్రతి మాటకూ ఒక చురక తగిలించకపోతే నోరు ఊరుకోదు, అంతే. నెల కింద స్నానాల గచ్చు మీద జారిపడి కుడిచేయి మణికట్టు విరగ్గొట్టుకున్నది. కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకొని, వంటింటి గడప మీద కూర్చుని హుకుములు జారీ చేస్తున్నది. పెళ్లయిన నాటి నుంచి తన చేతి కింద ఉన్న పొయ్యి ఇంకొకరి చేతిలోకి పోయిందే అన్న దుఃఖం ఆమెది. పాపం, దానికి ఏ దవాఖానలో మందు దొరుకుతుంది?

"గుండ్రంగ ఉంటే ఎగరదు అత్తమ్మా," అన్నది నీలాంబిక.

"అయితే నీ మొగని కంచంల ఎయ్యి. తిని ఎగురుతడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో నవ్వుకు కరువు లేదు. కరువల్లా చోటుకే.

అది ఎనభై మూడు ఎండకాలం. జహీరాబాదులో బొంబాయి రోడ్డు మీద విరూపాక్షకు నీళ్ళ మోటర్ల దుకాణం ఉన్నది. న్యాల్‌కల్ నుంచి, ఝరాసంగం నుంచి చెరుకు రైతులు, అల్లం రైతులు వచ్చి కూర్చుంటే చాయ తెప్పించి, "బాయిల నీళ్ళు నాయి, మొగులు మీది గాలి నా పెండ్లాందే. ఇగ భూమి ఒక్కటే మీకు మిగిలింది, దున్నుకోండ్రి," అని జోకు వేసేవాడు. రైతులు పడీ పడీ నవ్వేవాళ్ళు. నీలాంబికకు కూడా ఆ జోకు ఇష్టమే. భార్య ఇంజనీరని నలుగురిలో చెప్పుకునే మొగుళ్ళు ఆ ఊళ్ళో ఎందరున్నారు గనుక! కాకపోతే ఆ మనిషే ఇంటికి వచ్చి చెప్పులు విడిచి "నీలా, చాయ" అంటాడు. ఆమె పరచుకున్న గీతల కాగితం మీదనే టిఫిన్ డబ్బా పెడతాడు. దాని కింద రెక్క ఉందో తోక ఉందో చూడడు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే బాగుండేది, నాలుగు తిట్టుకొని తేలికపడేది. చిక్కంతా మంచివాళ్ళతోనే వస్తుంది.

ఆమె కొలువు బెంగుళూరులో, విమానాలు, అత్త భాషలో గాలిమోటర్లు, డిజైన్ చేసే ఒక ఆఫీసులో. పెళ్లిచూపులప్పుడే ఉద్యోగం మానను అని చెప్పింది, వీళ్ళూ సరే అన్నారు. సరే అన్నారు గాని, ఆ సరేలో "కొన్నొద్దులు", కొన్నాళ్ళపాటే, అనే మాట ఒకటి నక్కి ఉన్నదని తర్వాత తెలిసింది. "జీతం తెచ్చే కోడలు మంచిదే గని, పెరుగు తోడేసే కోడలు ఇంకా మంచిది," అన్నది విరూపాక్ష మేనత్త ఒకసారి, బీదరు నుంచి వచ్చినప్పుడు. అందరూ మెచ్చుకున్నారు ఆ మాటను. నీలాంబిక హాస్టల్లో ఉండి, నెలకోసారి బీదరు బస్సెక్కి వచ్చి పోతుండేది. అత్త పడిపోయిందని తెలిశాక సెలవు పెట్టి, చెయ్యాల్సిన గీతలను గొట్టంలో చుట్టుకొని వచ్చింది. ఇక్కడి నుంచే గీసి పంపుతానంటే ఆఫీసు ఒప్పుకున్నది.

ఆ ఆఫీసులో చేస్తున్న విమానం మామూలుది కాదు. నాలుగు వందల మందిని ఎక్కించుకొని బొంబాయిలో లేస్తే, న్యూయార్కులో దిగేదాకా నడుమ ఎక్కడా నేల తాకొద్దు. పదహారు గంటలు గాలిలోనే. ఇప్పుడే కట్టేస్తారని కాదు, కట్టాలంటే ఎట్లా ఉండాలో కాగితం మీద తేల్చమని పెద్దలు చెప్పారు. గదినిండా మగవాళ్ళు, వాళ్ళ నడుమ ఒక్క నీలాంబిక. మొదటి రోజు పెద్దసారు చంద్రశేఖర్ పని పంచిపెట్టాడు. ఒకరికి రెక్క, ఒకరికి ఇంజన్లు, మాణిక్ అనే అబ్బాయికి తోక. బరువుల లెక్కలో కాలేజీకంతటికీ మొదట వచ్చిన నీలాంబిక రెక్క మీద ఆశ పెట్టుకొని కూర్చున్నది. ఆయన ఆమె వైపు తిరిగి ఎంతో దయగా నవ్వాడు. "మీకు వంటిల్లు ఇస్తున్నానండీ. మగవాళ్ళం, వంటింటి సంగతి మాకేం తెలుస్తుంది?" అన్నాడు. విమానంలోని వంటింటిని గ్యాలీ అంటారు. హాస్టలు మెస్సులో తిని చదువుకున్న నీలాంబికకు అప్పటికి చారు పెట్టడం కూడా సరిగా రాదు. ఆ గదిలో అందరికంటే బాగా వండేది తోక గీసే మాణిక్. అయినా సరే, వంటిల్లు ఆమెకే!

ఆ రోజు హాస్టలుకు పోయి ఏడ్చింది. వారం తర్వాత ఏడుపు మానింది. నెల తర్వాత, చిత్రం, ఆ వంటింటితోనే ప్రేమలో పడింది. ఏం పని అనుకున్నారు అది! విమానం కుదిపినా ఒక్క గిన్నె కదలొద్దు. బీరువా తలుపు తెరిస్తే ఎదుటి బీరువాకు తగలొద్దు. అన్నిటికన్నా బరువు. ఒక్క కిలో పెరిగితే దాన్ని మోయడానికి ఇంకాస్త ఇంధనం కావాలి, ఆ ఇంధనం మోయడానికి ఇంకాస్త రెక్క, ఆ రెక్కను మోయడానికి ఇంకాస్త బలమైన ఇంజను. పెళ్లికి ఒక చుట్టాన్ని పిలిస్తే వెనక నలుగురు దిగినట్టు. ఎక్కడ ఎవర్ని పిలవకుండా ఆపాలో కనిపెట్టడమే ఆ పనిలోని సంబరం. జహీరాబాదు వచ్చాక కూడా పొద్దున రొట్టెలు, పప్పు, పుంటికూర, అంట్లు అన్నీ అయ్యాక జొన్నల గుమ్మి మీద బల్ల వేసుకొని గీతలు పరుచుకుంటే ఆమె నడుం నొప్పి సగం మాయమయ్యేది.

మిగతా సగం మాయమయ్యేది కాదు. అక్కడే వచ్చింది అసలు కథ.

మహాదేవమ్మకు ఒక సామెత ఉంది, సొంతంగా కట్టుకున్నది. "ఆడిది పగటీలి నడుం వాలిస్తే ఇల్లు వాలుతది." ఈ సామెతను ఆమె ఎవరి మీదా రుద్దలేదు, తన మీదే రుద్దుకొని బతికింది. మధ్యాహ్నం విరూపాక్ష వచ్చి తిని, ముందు గదిలో ఫ్యాను కింద గురక పెట్టేవాడు. ఆయన లేచేదాకా ఇల్లంతా మునివేళ్ళ మీద నడిచేది. ఒకనాటి మధ్యాహ్నం ఉతుకుడు, రుబ్బుడు ఒక్కపూటే పడి నీలాంబికకు నడుం విరిగినంత పనయింది. కాసేపు పడుకుందామని చూస్తే, ముందు గదిలో ఆయన. నడిమి గది దారి, వచ్చేపోయే కాళ్ళకు అడ్డం. వంటింట్లో నిప్పుల సెగ. ఇంత ఇల్లు ఉన్నది, రెండు మోటర్లు మూలకు పడుకున్నయి, బియ్యం బస్తాలు హాయిగా పడుకున్నయి, మనిషికి చోటు లేదు. నిచ్చెన వేసుకొని అటక ఎక్కింది. ఉల్లిగడ్డల నడుమ చీర కొంగు పరుచుకొని ఒరిగింది, అంతే, నిద్ర పట్టింది.

లేచి కళ్ళు తెరిస్తే దూలం మొహానికి మూరెడు దూరంలో ఉన్నది. అప్పుడే ఒక ప్రశ్న తట్టింది. పదహారు గంటల ప్రయాణంలో ఆ వంటింట్లో నిలబడి నాలుగు వందల మందికి రెండు పూటలా వడ్డించి, వాంతులు ఎత్తి, పిల్లల్ని ఎత్తుకొని తిరిగే ఆ ఆడపిల్లలు ఎక్కడ పడుకుంటారు? గబగబా దిగి గీతలన్నీ పరిచింది. పైలట్లకు పరుపు ఉన్నది. విమానం కడుపులో కుక్కల పెట్టెలకు వెచ్చగా ఉండే చోటు ఉన్నది. వడ్డించే పిల్లలకు తలుపు పక్కన గోడకు ఒక మడత కుర్చీ ఉన్నది. అదీ దిగేటప్పుడు బెల్టు పెట్టుకోవడానికి. ఇంతమంది మగవాళ్ళు గీశారు, ఇన్ని సంతకాలు పడ్డాయి, ఎవరికీ తట్టలేదు. నీకు తట్టిందా మరి నీలమ్మా, ఆ వంటిల్లు గీసినదానివి? అని తనను తానే అడిగి, తల కొట్టుకొని పెన్సిలు తీసుకున్నది.

విమానం వెనక భాగంలో, తోక వైపు సన్నబడే చోట, సీట్ల పైకప్పుకూ అసలు కప్పుకూ నడుమ ఖాళీ ఉంటుంది. వైర్లు, గొట్టాలు పోతాయి, అంతే. వాటిని పక్కకు జరిపి, అక్కడ ఒక అటక వేసింది. అటకలో ఆరు పరుపులు. వంటింటి పక్క నుంచి నిటారు మెట్లు. గీతలో వేరే పేరు రాసింది గాని మనసులో దాని పేరు అటకే. అది పూర్తయిన రోజు ఆమెకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఆ సంతోషంలోనే కాగితం పోస్టు చేసింది.

ఈలోపల ఇంకో ముచ్చట జరిగింది. పక్కింటి బస్వమ్మ గోడ మీది నుంచి తొంగిచూసి, "మీ కోడలుకు ఆఫీసుల ఏం పనే?" అని అడిగిందట. మహాదేవమ్మకు తెలియక, అంట్లు తోముతున్న కోడలిని అడిగింది.

"ఆఫీసుల నీకు ఏమిచ్చిన్రే?"

"గ్యాలీ ఇచ్చిన్రు అత్తమ్మా," అన్నది నీలాంబిక తల ఎత్తకుండానే.

"అందరికిచ్చిన్రా?"

"లేదు, నాకొక్కదానికే. పెద్దసారే ఇచ్చిండు, నవ్వుకుంట ఇచ్చిండు."

"మరి నువ్వేమన్నవు?"

"ఏమంట? తీసుకున్న."

జహీరాబాదులో ఉర్దూ రాని పిట్ట కూడా ఉండదు. గాలీ అంటే తిట్టు, బూతు. మహాదేవమ్మ చెవికి గ్యాలీ కాస్తా గాలీ అయి కూర్చున్నది. ఆ పూట ఆమె రొట్టె వంకర గురించి ఒక్క మాట అనలేదు. ఎడమచేత్తో కోడలి కంచంలో మీగడ పెరుగు వేసింది. మా అత్తకు ఏమైంది చెప్మా అని నీలాంబిక ఆశ్చర్యపోయింది. మాపటికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది, ఫలానా బెంగుళూరు ఆఫీసులో పెద్దసారు ఆడపిల్లను నవ్వుకుంట తిడతాడని.

పది పన్నెండు రోజులకు ఆ పెద్దసారే ఇంటి ముందు కారు దిగాడు. హైదరాబాదులో పని చూసుకొని, షోలాపూరులో ఉన్న కూతురి దగ్గరికి పోతున్నాడు. దారే కదా అని ఆగాడు. చిత్తూరు వైపు మనిషి, తీయగా మాట్లాడతాడు. విరూపాక్ష దుకాణం వదిలి ఉరికి వచ్చాడు, మంచం మీద కొత్త దుప్పటి పరిచాడు, "నీలా, చాయ" అన్నాడు. కారు చప్పుడు విన్నప్పుడే ఆమె చాయ పొయ్యి మీద పెట్టింది. మహాదేవమ్మ గడప మీద నుంచి ఆయనను పైకీ కిందికీ చూసింది.

"నువ్వేనా బిడ్డా, నా కోడలికి గాలీ ఇచ్చింది?"

"అవునమ్మగారూ, నేనే ఇచ్చాను," అన్నాడు చంద్రశేఖర్, పొగడ్త అనుకొని. "ఆమెకైతే సరిగ్గా సరిపోతుందని ఆలోచించి మరీ ఇచ్చాను."

"సరిపోతదా! నా బిడ్డకు గాలీ సరిపోతదా? నీ ఇంట్ల ఆడోళ్ళకు ఇచ్చుకో పో! చెయ్యి విరిగింది గని నాకు నోరు విరగలె!"

ఆయన చాయకప్పు తొణికింది. విరూపాక్ష "అమ్మా, అమ్మా, జర ఆగు!" అని అడ్డం పడ్డాడు. నీలాంబిక వంటింట్లో నుంచి ఉరికొచ్చి, గాలీ కాదు అత్తమ్మా గ్యాలీ, గ్యాలీ అంటే విమానంల వంటిల్లు అని చెప్పేసరికి అందరికీ కడుపుబ్బ నవ్వు. పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మహాదేవమ్మ మాత్రం నవ్వలేదు. కోడలి మొహం చూస్తూ నిదానంగా అడిగింది.

"అంటే... ఇంజన్లు, రెక్కలు మొగోళ్ళకిచ్చి, నీకు వంటిల్లు ఇచ్చిండా?"

"అవు అత్తమ్మా."

"అయితే నేను తప్పేం విన్న?"

నీలాంబికకు నవ్వు ఆగిపోయింది. ఇంతకాలం ఆ బాధకు పేరు దొరకక గొంతులో ముల్లులాగా మోసింది. ప్రేమలో పడితే పడింది గాని, ఇచ్చినప్పుడు అది తిట్టే.

పెద్దసారు మాట మార్చాడు. వెంట తెచ్చిన గొట్టంలో నుంచి ఆమె పోస్టు చేసిన కాగితం తీసి మంచం మీద పరిచాడు. "పని అద్భుతంగా చేశారు నీలాంబికా. మిగతాదాంట్లో ఎవరూ వేలు పెట్టడానికి లేదు. ఈ ఒక్కటి మాత్రం తీసెయ్యండి," అని తోక దగ్గర వేలు ఉంచాడు. అటక మీద.

"ఎందుకు సార్?"

"బరువండీ. నాలుగు వందల కిలోలు."

"అది నా వంటింట్ల నుంచే తీసిన సార్. వెనక రెండు వంటిళ్ళను ఒకటి చేసిన. చూడండి, మొత్తం బరువు మునుపటికంటె పెరగలే." పెద్దసారుతో మాట్లాడేటప్పుడు ఆఫీసు తెలుగు వాడేది ఆమె. ఇవాళ ఎందుకో ఇంటి తెలుగే వచ్చింది.

ఆయన చూశాడు. లెక్క సరిగానే ఉంది. అటు చూశాడు, ఇటు చూశాడు. "సరే, బరువు సంగతి వదిలేద్దాం. ఆ ఖాళీలో పనికొచ్చేది ఇంకేదైనా పెట్టుకోవచ్చు. అసలు దీన్ని ఎవరడిగారు చెప్పండి? విమానం కొనేవాళ్ళు అడగలేదు. ఎక్కేవాళ్ళు అడగలేదు. చివరికి ఆ అమ్మాయిలు కూడా అడగలేదు. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు."

"సార్ చెప్పింది కరెక్టే నీలా," అన్నాడు విరూపాక్ష. "బ్లేడుతోటి గీకితే పోతది గద. సార్‌కు లేటయితది, ఇప్పుడే గీకియ్యి."

నీలాంబిక బదులు చెప్పేలోపే గడప మీద నుంచి మహాదేవమ్మ గొంతు లేచింది. ఈసారి అరుపు కాదు, మామూలు మాట.

"ఏ అమ్మ పెట్టదు సారూ?"

"అది... సామెతండీ."

"మొగోడు కట్టి ఉంటడు ఆ సామెత. నేను గీ ఇంటికి వచ్చిన కాడి నుంచి ఒక్కలన్న ఆకలైతుంది అన్నం పెట్టుమని అడిగిన్రా? అడిగేదాక నేనెన్నడన్న ఆగిన్నా? వీడు పొద్దుగాల కండ్లు తెరవకముందే నీళ్ళు కాగుతయి. వీని అయ్య చెయ్యి కడుగకముందే కంచం పెట్టిన. మీరు కారు దిగకముందే మా కోడలు పొయ్యి మీద చాయ పెట్టింది, ఎవలడిగిన్రు? అమ్మ అడగకుంటనే పెడ్తది సారూ. అడిగినా దొరకనిది అమ్మకే." మంచం మీది కాగితం వైపు గడ్డం ఎత్తింది. "ఏందది? పండుకునే జాగనా? ఆడిపిల్లలకా?"

"అవునత్తమ్మా. అటక."

"ఉండనియ్యి," అన్నది మహాదేవమ్మ. తను పడుకునే జాగా గురించి అప్పటిదాకా ఆమె ఎవరికీ ఒక్క మాట చెప్పి ఉండదు. "పండుకోనియ్యి పోరిలను."

విరూపాక్ష తల్లి వైపు చూశాడు. ఈ మనిషి ఎప్పుడు పడుకునేది, ఎక్కడ పడుకునేది అని మొదటిసారి ఆలోచిస్తున్నట్టు చూశాడు. ఎప్పుడూ ఆయన నిద్రపోయాకే పడుకున్నది, లేవకముందే లేచింది. తెలిసే దారి ఏది?

పెద్దసారు కాగితం చుట్టాడు. చెడ్డవాడు కాడు ఆయన కూడా. "నేను తీసెయ్యను, సరేనా? కానీ దీని తరఫున నేను వాదించనూ లేను. గురువారం బెంగుళూరులో పెద్దల ముందు పెడుతున్నాం. మీరే వచ్చి నిలబడి చెప్పాలి. వాళ్ళు గట్టివాళ్ళు, నవ్వుతారు కూడా. మీరు రాకపోతే మాత్రం అది ఉండదు." అని విరూపాక్ష వైపు తిరిగాడు. "ఏమంటారండీ? ఇంట్లో మాట్లాడుకొని చెప్పండి."

పెళ్లయిన నాటి నుంచి నీలాంబికకు ఒక మాట అలవాటయి ఉన్నది. సినిమాకు రమ్మన్నా, చీర కొనుక్కోమన్నా, అమ్మగారింటికి ఎప్పుడొస్తావన్నా, "అడిగి చెప్త" అనేది. ఎవరూ నేర్పలేదు, నాలుక మీదికి అదే వచ్చి కూర్చునేది. ఇప్పుడూ వచ్చింది. వచ్చి నాలుక చివర నిలబడింది. మొగుడు ఆ మాట కోసమే చూస్తున్నాడు. దాని కోసం ముందే తల ఊపడం మొదలుపెట్టాడు కూడా.

"వస్త సార్," అన్నది నీలాంబిక. "గురువారం వస్త. పెద్దలు ఎంతసేపు నవ్వినా నిలబడి చెప్త. అటక అయినంక రెక్క గురించి గూడ మీతోని మాట్లాడేది ఉన్నది."

"రెక్కా?"

"రెక్కనే సార్."

కారు పోయింది. దుమ్ము అణిగింది. విరూపాక్ష చాలాసేపు గడప దగ్గర నిలబడి, చెప్పులు వేసుకుంటూ విడుస్తూ, మళ్ళీ వేసుకుంటూ ఉన్నాడు. కోపం కాదు, పరేషాన్. అలవాటయిన మెట్టు ఒకటి చీకట్లో కాలికి తగలకపోతే మనిషి అట్లాగే అవుతాడు.

"మరి రొట్టెలు?" అన్నాడు చివరికి.

"నువ్వు కొడ్తవు," అన్నది తల్లి. "నేను గడప మీద కూసోని చెప్త. నీ పెండ్లాం కొట్టినయే తింటున్నం, ఇగ నువ్వు కొట్టినయి తినమా?"

ఆయన నవ్వాలో వద్దో తెలియక నవ్వాడు. తర్వాత భార్య దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"పోతే పో గని, మల్ల ఎన్నడొస్తవు నీలా?"

"అడిగి చెప్త," అన్నది నీలాంబిక.

ఆయన మొహం తేటపడింది. "ఎవల్నడుగుతవ్? అమ్మనా? సారునా?"

"నన్ను."